వారానికి నాలుగు మెసేజీలు

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని ఇంటికి వెళ్లే మనిషికి ఆసుపత్రి వాళ్లు ఒక డిశ్చార్జి కాగితం ఇస్తారు. పైనంతా పరీక్షల ఫలితాలు, మధ్యలో వేసుకోవాల్సిన మాత్రలు, అట్టడుగున రెండు లైన్లు: ఉప్పు, నూనె తగ్గించాలి, రోజూ నడవాలి, పొగ మానాలి. ఆ మనిషి మళ్లీ స్ట్రెచర్ మీద అదే ఆసుపత్రికి రావాలా అక్కర్లేదా అన్నది చాలావరకు ఆ మాత్రల మీదా, ఆ రెండు లైన్ల మీదా ఆధారపడి ఉంటుంది. మాత్రలైనా ఏదో ఒక డబ్బాలో పడి కళ్లెదుట ఉంటాయి. ఆ రెండు లైన్లు మాత్రం కాగితంతో పాటు ఫైల్లోకి, ఫైలు బీరువాలోకి వెళ్లిపోతాయి.

అందులో ఉన్నది ఆయనకు తెలియక కాదు. సిగరెట్టు మంచిదనుకుని కాల్చేవాడు ఈ రోజుల్లో ఎక్కడా కనపడడు. తెలిసిన సంగతి కావలసిన క్షణంలో తలపుకు రావడమే కష్టం. సాయంత్రం ఆరింటికి చెప్పులు వేసుకుని వీధిలోకి నడుద్దామా, టీవీ ముందు కూర్చుందామా అని తేల్చుకునేటప్పుడు డాక్టరు మాట చెవిలో వినపడదు. గుండె జబ్బు వచ్చినవాళ్లకు ఆహారం, వ్యాయామం, మందుల గురించి వారాల తరబడి నేర్పే పునరావాస తరగతులు కొన్ని దేశాల్లో ఉన్నాయి. మేలు చేస్తాయని రుజువైన తరగతులే. కానీ అక్కడా వెళ్లేవాళ్లు తక్కువ. ఉద్యోగం, దూరం, 'ఇప్పుడు బాగానే ఉన్నాను కదా' అన్న ధీమా, ఇవన్నీ అడ్డొస్తాయి.

తరగతికి మనిషి రాకపోతే, తరగతిలో చెప్పే మాటల్ని ముక్కలు చేసి మనిషి జేబులోకే పంపితే? సిడ్నీలోని వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో హృద్రోగ నిపుణురాలు క్లారా చౌ, ఆమె బృందం ఈ ప్రశ్ననే పరీక్షకు పెట్టారు. ఆ పరిశోధన పేరు 'టెక్స్ట్ మీ'. 2011 నుంచి 2013 వరకు గుండె రక్తనాళాల జబ్బున్న 710 మందిని చేర్చుకున్నారు. సగటు వయసు 58 ఏళ్లు. నూటికి 82 మంది మగవాళ్లు, సగానికి పైగా పొగతాగేవాళ్లు. లాటరీ పద్ధతిలో వాళ్లను రెండు వర్గాలుగా విడదీశారు. రెండు వర్గాలకూ మామూలు వైద్యం మామూలుగానే నడిచింది. ఒక వర్గానికి మాత్రం అదనంగా ఆరు నెలల పాటు వారానికి నాలుగు ఎస్సెమ్మెస్‌లు వెళ్లాయి. అంతే. యాప్ లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, తిరిగి జవాబివ్వాల్సిన పనీ లేదు.

ఈ మెసేజీలను ఎలా తయారుచేశారన్నది ఫలితాల కన్నా ఆసక్తికరమైన విషయం. ముందుగా ఒక పెద్ద గుట్టగా రాసి పెట్టుకున్నారు: పొగ గురించి కొన్ని, ఆహారం గురించి కొన్ని, నడక, వ్యాయామం గురించి కొన్ని, గుండె జబ్బు సంగతులు కొన్ని. ఎలా ఉన్నాయో చెప్పమని రోగులనే అడిగారు. తర్వాత ఒక్కో మనిషి వివరాలు చూసి కంప్యూటరు ఆ గుట్టలోంచి ఏరి, పని దినాల్లో వేళ తప్పించి వేళకు పంపేది. కొన్నింటిలో పేరు పెట్టి పిలిచేది. పొగతాగని వాళ్లకు పొగ మెసేజీలు పోవు. శాకాహారికి మాంసం ప్రస్తావన ఉన్న మెసేజీ పోదు.

ఈ చివరి ఏర్పాటును చాలామంది చిన్న విషయంగా దాటేస్తారు. నా దృష్టిలో అసలు కిటుకు అక్కడే ఉంది. 'వ్యక్తిగతం' అనగానే మనకు మొదట తోచేది మెసేజీ ముందు పేరు తగిలించడం. పేరు ఇప్పుడు అప్పులిచ్చే కంపెనీ కూడా తగిలిస్తోంది, దాన్ని చూసి ఎవరూ మురిసిపోరు. జన్మలో మాంసం ముట్టని మనిషికి 'చికెన్ తోలు తీసి వండుకోండి' అని వచ్చిందనుకోండి, పంపినవాళ్లకు తనెవరో తెలియదని ఆయనకు ఆ క్షణంలోనే అర్థమైపోతుంది. ఆ తర్వాత వచ్చేవి చదవడు. ఎవరికి ఏది పంపాలో తేల్చడం కష్టం, దానికి బోలెడు సమాచారం కావాలి. ఎవరికి ఏది పంపకూడదో తేల్చడానికి నాలుగైదు ప్రశ్నలు చాలు, ఫలితం దాదాపు అంతే ఉంటుంది.

2015లో అమెరికా వైద్య సంఘం పత్రిక 'జామా'లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల చివర చెడు కొలెస్ట్రాల్ మెసేజీలు అందుకున్నవాళ్లలో సగటున 79, అందుకోని వాళ్లలో 84. బీపీలో పై అంకె ఒక వర్గంలో 128, మరో వర్గంలో 136. పొగతాగుతున్నవాళ్లు ఒకవైపు నూటికి 26 మంది, మరోవైపు 43 మంది. నడక, వ్యాయామం కూడా మెసేజీల వర్గంలోనే ఎక్కువ.

ఈ అంకెల్ని ఒకే గాటన కట్టకూడదు. పరిశోధకులు ముందుగా ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్నది కొలెస్ట్రాల్. అక్కడ తేడా 5 మిల్లీగ్రాములు. స్టాటిన్ మాత్రల పరీక్షల్లో చెడు కొలెస్ట్రాల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతు తగ్గుతాయని తేలింది. ఆ లెక్కన 5 మిల్లీగ్రాముల లాభం పిసరంత. బీపీ సంగతి వేరు. మందులతో బీపీ తగ్గించిన 48 పరీక్షల్లోని 3,44,716 మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2021లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చింది. పై అంకె 5 తగ్గితే పెద్ద గుండె, రక్తనాళాల ప్రమాదాలు నూటికి 10 చొప్పున తగ్గుతాయని అందులో తేలింది. సిడ్నీలో తేడా 7కు పైనే. ఒక మాత్ర చేసే పనికి దగ్గరగా ఉన్న అంకె ఇది, అదీ ఎస్సెమ్మెస్ ఖర్చుతో. అయితే ఇది ఒక్క ఆసుపత్రిలో, ఆరు నెలలు మాత్రమే జరిగింది. నడక, వ్యాయామం లెక్క ఎవరికి వాళ్లు చెప్పుకున్నది. ఆరు నెలలుగా నడవమని మెసేజీలు అందుకున్నవాడు 'ఎంత నడిచారు' అని అడిగితే కాస్త పెంచి చెప్పడం మానవ సహజం.

పాల్గొన్నవాళ్లలో నూటికి 91 మంది ఈ మెసేజీలు ఉపయోగపడ్డాయన్నారు. కొత్త సంగతులు నేర్చుకోవడం వల్ల బీపీ దిగిందని నేననుకోను. గడప దాటే మనిషిని ఇంట్లోవాళ్లు 'గొడుగు' అని ఒక్క మాటతో ఆపుతారు చూడండి, మెసేజీ చేసేదీ అలాంటి పనే. వానలో తడుస్తారని ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. ఆ మాట గడప దగ్గర వినపడటమే ముఖ్యం.

ఆ 'గడప దగ్గర' అన్నదాన్ని పట్టుకుని మరికొందరు ముందుకు వెళ్లారు. బ్రిటన్‌లో 5,800 మంది పొగరాయుళ్లతో జరిగిన 'టెక్స్ట్‌టుస్టాప్' పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. మొదటి ఐదు వారాలు రోజుకు ఐదు మెసేజీలు, తర్వాత వారానికి మూడు. అందులో మెచ్చుకోవాల్సిన ఏర్పాటు ఇంకొకటుంది. సిగరెట్టు మీద మనసు లాగినప్పుడు 'క్రేవ్' అని మెసేజీ కొడితే వెంటనే జవాబు వస్తుంది. ఆ లాగుడు కాసేపే ఉంటుంది, ఆ కాసేపు గడిపేయడానికి తోడన్నమాట. తప్పి ఒకటి కాల్చేసినవాడికి వేరే మాట ఉంది, దానికి వేరే జవాబు. ఆరు నెలల తర్వాత మానేశామన్న వాళ్ల మాట నమ్మి ఊరుకోలేదు, ఉమ్ము పరీక్షించి నికోటిన్ ఆనవాళ్లు లేవని నిర్ధారించుకున్నారు. పూర్తిగా మానేసినవాళ్లు ఈ మెసేజీలు అందుకున్న వర్గంలో నూటికి 10.7 మంది, రెండో వర్గంలో 4.9 మంది. పదిమందిలో తొమ్మిదిమంది మానలేకపోయారనీ చెప్పుకోవచ్చు, మానేసినవాళ్లు రెట్టింపయ్యారనీ చెప్పుకోవచ్చు. రెండూ నిజమే.

మన వైపు చెప్పుకోదగ్గ పరీక్ష మధుమేహం మీద జరిగింది. గుండె జబ్బుకు అది దగ్గరి చుట్టం కాబట్టి ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఆగ్నేయ భారతంలో ఉద్యోగాలు చేసుకునే 537 మంది మగవాళ్లను ఎంచుకుంది. అందరూ షుగరు అంచున ఉన్నవాళ్లే, ఇంకా రోగులు కాలేదు. రెండేళ్లలో షుగరు రోగులైనవాళ్లు మెసేజీలు అందుకున్న వర్గంలో నూటికి 18 మంది, మిగతా వర్గంలో 27 మంది. అలవాటు మార్చుకోవడంలో మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడన్న ఆలోచనతో అక్కడ మెసేజీలు రాశారు. నడవాలన్న ఆలోచనే లేనివాడికి 'ఇవాళ అరగంట నడిచారా' అని పంపితే విసుక్కుంటాడు. మూడు నెలలుగా నడుస్తున్నవాడికి 'నడక ఆరోగ్యానికి మంచిది' అని పంపితే నవ్వుకుంటాడు. ఇక్కడా కిటుకు అదే, పంపకూడనిది ఆపడం.

ఇక తెలుగులో రాయాలంటే ఒక చిక్కుంది, దాని సంగతి వైద్య పత్రికలు రాయవు. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు. తెలుగు లిపిలో పంపితే ఆ హద్దు 70కి పడిపోతుంది. పైగా ఫోను లెక్క మన లెక్క కాదు. హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, దేనికదే. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒక్క అక్షరం, ఫోనుకు ఆరు. 'ఆరోగ్యకరమైన ఆహారపు అలవాట్లు' అని ప్రభుత్వ కరపత్రం భాషలో మొదలుపెట్టారంటే ఏమీ చెప్పకుండానే 27 అయిపోతాయి. 'రక్తపోటు'కు ఎనిమిది, 'బీపీ'కి నాలుగు. జనం అనే మాటే ఇక్కడ చవక కూడా.

ఈ ఇరుకులో ఉప్పు గురించి ఒక మెసేజీ రాసి చూద్దాం. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే దాదాపు ఒక చిన్న చెంచా. 5 గ్రాములని రాస్తే ఎవరికీ పట్టదు, ఉప్పును తూచుకుని తినేవాళ్లు ఎవరూ లేరు. సిడ్నీ మెసేజీలను తెలుగు చేసినా ఉపయోగం ఉండదు. అక్కడ ఉప్పు ఎక్కువగా వచ్చేది బ్రెడ్డు, డబ్బా ఆహారాల నుంచి. మన కంచంలో అన్నం చప్పగానే ఉంటుంది. ఉప్పంతా కూరలో, పప్పులో, ఊరగాయలో, అప్పడాల్లో, ఊరమిరపకాయల్లో ఉంటుంది, చివర పెరుగన్నంలో చిటికెడు మళ్లీ పడుతుంది. ఆ చివరి చిటికెడును పట్టుకోవచ్చు. 'రమణయ్య గారూ, పెరుగన్నంలోకి ఆవకాయ ఉంటే, అన్నంలో ఉప్పు వేసుకోకండి.' లెక్కపెట్టండి: పేరూ, గారూ కలిపి 13, సలహా 51. మొత్తం 64, ఇంకా ఆరు మిగిలాయి. ఆవకాయ మానమని ఇది చెప్పలేదు. చెబితే రమణయ్య గారు చదవడం మానేస్తారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు వస్తే దీనికి విలువ, రాత్రి పదింటికి వస్తే లేదు.

మనదేశంలో ఇలాంటి మెసేజీలు గుట్టగా పంపాలంటే ఇంకో తతంగం ఉంది. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం సంస్థలు పంపే ప్రతి మెసేజీ మూసనూ ముందుగా నమోదు చేయించాలి. పేరు, తేదీ లాంటివి మారే చోట ఖాళీలు వదలాలి. మోసగాళ్ల బెడద తగ్గించడానికి పెట్టిన నిబంధన కాబట్టి తప్పుపట్టలేం. కానీ రోగి పరిస్థితిని బట్టి అప్పటికప్పుడు మాట మార్చే వీలు దీనితో తగ్గుతుంది. పైగా ఓటీపీలు, అప్పు ప్రకటనలు, రీచార్జి హెచ్చరికల మధ్య వచ్చి పడిన గుండె మెసేజీని ఎవరు తెరుస్తారన్న ప్రశ్న ఎలాగూ ఉంది. ఫోను కొడుకు చేతిలో ఉండి, గుండె జబ్బు తండ్రికి ఉన్న ఇళ్లు ఎన్నో. చదువురాని వాళ్లకు రికార్డు చేసిన గొంతు వినిపించే ఫోన్ కాలే దారి.

మరి జవాబు తీసుకునే మెసేజీలైతే ఇంకా బాగుంటుందా? కెన్యాలో హెచ్‌ఐవీ మందులు వాడే 538 మందితో జరిగిన పరిశోధన చూస్తే అవుననిపిస్తుంది. వారానికోసారి నర్సు నుంచి ఒక్క పలకరింపు, 'మాంబో?' అని. బాగుంటే 'సావా', ఇబ్బంది ఉంటే 'షీదా' అని 48 గంటల్లో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్లకూ, జవాబివ్వని వాళ్లకూ నర్సు ఫోను చేసేది. మందులు సరిగా వేసుకున్నవాళ్లు ఈ పలకరింపు అందిన వర్గంలో నూటికి 62 మంది, మిగతా వర్గంలో 50 మంది. మందు గురించి ఆ పలకరింపులో ఒక్క ముక్క కూడా లేదు. కానీ 2016లో కేప్‌టౌన్ నుంచి 1,372 మంది బీపీ రోగుల మీద వచ్చిన ఫలితం ఈ ఉత్సాహం మీద కాస్త నీళ్లు చల్లింది. అక్కడ ఒకవైపు మెసేజీల వల్ల బీపీ 2.2 తగ్గితే, జవాబిచ్చే వీలున్న మెసేజీలతో 1.6 మాత్రమే తగ్గింది. జవాబిచ్చే వీలు ఉన్నంత మాత్రాన సరిపోదు, జవాబు వెళ్లాక అవతల ఏం జరుగుతుందన్నది చూడాలి. కెన్యాలో అవతల నర్సు ఉంది.

ఇప్పుడు ఓటముల గురించి. ఈ రంగంలో ఉత్సాహంగా రాసేవాళ్లు ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. సిడ్నీ విజయం తర్వాత అదే బృందం ఆస్ట్రేలియాలో చాలా ఆసుపత్రులు కలిపి, గుండెపోటు లాంటి అత్యవసర స్థితిలో చేరిన 1,424 మందికి ఏడాది పాటు మెసేజీలు పంపింది. ఈసారి చూసింది మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అని. 2022లో ప్రకటించిన ఫలితం: రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మనదేశంలో పక్షవాతం వచ్చినవాళ్ల మీద 'స్ప్రింట్ ఇండియా' జరిగింది. 31 కేంద్రాలు, 4,298 మంది రోగులు, ఎస్సెమ్మెస్‌లు, వీడియోలు, చదువుకోవడానికి పుస్తకం, అన్నీ 12 భాషల్లో. ఏడాదిలో మళ్లీ పక్షవాతం, గుండెపోటు లాంటివి రావడం, లేదా మరణించడం ఒక వర్గంలో 5.5 శాతం, మరో వర్గంలో 4.9 శాతం. ఎక్కువ ఉన్నది మెసేజీల వర్గంలోనే, అయితే ఆ తేడా గణాంకాల లెక్కకు నిలిచేది కాదు. ప్రయోజనం కనపడే అవకాశం లేదని పరీక్షను ముందే ఆపేశారు. మద్యం మానేసినవాళ్లు మాత్రం మెసేజీల వర్గంలో ఎక్కువ, 85 శాతం. రెండో వర్గంలో 78.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది. నడక, ఉప్పు, సిగరెట్టు, మందు గ్లాసు, వీటి విషయంలో నిర్ణయం ఆ క్షణంలో ఆ మనిషి చేతిలో ఉంటుంది, మెసేజీ అక్కడ పని చేస్తుంది. మాత్రల విషయంలో మరిచిపోవడం ఒక కారణం మాత్రమే. డబ్బులు, దుష్ఫలితాల భయం, ఊళ్లో ఆ మందు దొరక్కపోవడం, 'ఎన్నాళ్లు మింగాలి ఇవి' అన్న విసుగు, వీటికి 70 అక్షరాల్లో జవాబు లేదు. పైగా మంచి పక్షవాత కేంద్రంలో చేరి, ఏడాది పాటు పరీక్షల కోసం తిరిగే రోగికి మెసేజీ లేకపోయినా శ్రద్ధ అందుతూనే ఉంటుంది.

మెసేజీ పాతబడుతుంది కూడా. అమెరికాలో 'హార్ట్‌స్టెప్స్' అనే ప్రయోగంలో కూర్చుని పని చేసే 44 మందికి ఆరు వారాల పాటు, వాళ్లున్న చోటూ, వేళా, వాతావరణమూ చూసి ఫోను నడకను సూచించేది. మొదట్లో సూచన అందిన తర్వాతి అరగంటలో అడుగులు 66 శాతం పెరిగాయి. రోజులు గడిచేకొద్దీ ఆ పెరుగుదల కరిగిపోయింది. చోటు, వేళ, వాతావరణం అన్నీ చూసి పంపినా అంతే. అలవాటైన గొంతు వినపడటం మానేస్తుంది.

ఇక మన ఊళ్ల సంగతికి వస్తే, గుండె జబ్బు పట్నాల జబ్బు అన్న భ్రమ ఉభయ గోదావరి జిల్లాల్లో ఎప్పుడో పోయింది. 2003-04లో ఆ రెండు జిల్లాల్లోని 45 ఊళ్లలో ఏడాది మరణాలన్నీ ఆరా తీస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. తర్వాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 ఊళ్లలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 'స్మార్ట్‌హెల్త్' పరీక్ష జరిపారు. ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ ఇచ్చారు. ఇంటికెళ్లి బీపీ చూసి, వివరాలు నొక్కితే గుండె ముప్పు ఎంతో అది చెబుతుంది. ముప్పు ఎక్కువున్న వాళ్లను డాక్టరు దగ్గరకు పంపేవారు. డాక్టరు టాబ్లెట్‌లో ఏ మందు రాయాలో సలహా ఉండేది. రోగులకు రికార్డు చేసిన గొంతుతో ఫోన్లో గుర్తుచేసే ఏర్పాటూ ఉంది. 2019లో వచ్చిన ఫలితం: బీపీ అదుపులోకి వచ్చినవాళ్లు ఈ ఏర్పాటు ఉన్నప్పుడు 41.2 శాతం, లేనప్పుడు 39.2. తేడా లేనట్టే లెక్క.

2017 నవంబరులో మొదలైన భారత బీపీ నియంత్రణ కార్యక్రమం తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లోని 25 జిల్లాలతో ఆరంభమైంది. అది పనిని రెండో కొసనుంచి మొదలుపెట్టింది. డాక్టరు డాక్టరుకూ మారని మందుల వరుస ఒకటి ముందే రాసి పెట్టుకోవడం, ఆ కొద్ది రకాల మాత్రలు ఇంటికి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడూ ఉండేలా చూడటం, నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వడం, రాని వాళ్ల జాబితా తీసి కబురు చేయడం. ఆ కబురు ఆశా నోటిమాటగా వెళ్లొచ్చు, ఫోనుగా వెళ్లొచ్చు, ఎస్సెమ్మెస్‌గానూ వెళ్లొచ్చు. అది చదివి బయల్దేరిన మనిషికి ఆ పూట కౌంటర్లో నెల రోజుల మాత్రలు దొరుకుతాయి.